ఇంట్లోనే బండి టాపెట్లు సరిచేసుకోవడం: మూత విప్పడం నుంచి మళ్లీ బిగింపు దాకా

బండి హెడ్డు (ఇంజిన్ పైభాగం) దగ్గర టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైతే చాలు, టాపెట్లు (వాల్వులను నొక్కే సర్దుబాటు స్క్రూలు) కొడుతున్నాయని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. చాలాచోట్ల ఆయన ఇంజిన్ చల్లారేదాకా ఆగడు. గేజ్ తీయడు. మూత విప్పి, స్క్రూ తిప్పి, చప్పుడు ఆగేదాకా చెవితో విని బిగించేస్తాడు. మనం తృప్తిగా డబ్బులిచ్చి వస్తాం. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. కొద్దిగా కొట్టే టాపెట్ చెవికి చిరాకు పుట్టిస్తుందే తప్ప ఇంజిన్‌కు వెంటనే ముప్పు తేదు. చప్పుడే లేకుండా బిగించిన టాపెట్ ఎగ్జాస్ట్ వాల్వును, అంటే కాలిన గ్యాసును బయటికి వదిలే తలుపును, కాల్చేస్తుంది. పైగా కాలుతున్నంతసేపూ చప్పుడు ఉండదు కాబట్టి మనకు అనుమానం కూడా రాదు.

ఈ పని ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. ఓపిక, ఒక ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీని కొలిచే రేకుల కట్ట), చల్లటి ఇంజిన్ ఉంటే చాలు. ఈ మూడింటిలో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో దొరకడం కష్టమైనది మూడోదే. దాని సంగతి ముందుకు పోయాక చెప్తాను.

గ్యాప్ ఎందుకు ఉండాలి

టాపెట్ గ్యాప్ అంటే రాకర్ ఆర్మ్ (వాల్వును నొక్కి తెరిచే చిన్న చేయి) కొసన ఉన్న స్క్రూకు, వాల్వు కాడ పైభాగానికి మధ్య వదిలే ఖాళీ. మనం రోజూ వాడే 100 నుంచి 150 సీసీ బండ్లలో అది మామూలుగా 0.05 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక వాల్వు కాడ పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే రాకర్ వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు.

ఎగ్జాస్ట్ వాల్వు తనకు తగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని మూసుకుని ఉన్న సమయంలోనే, సీటు (హెడ్డులో వాల్వు మూసుకుని ఆనే అంచు) మీద ఆనినప్పుడు హెడ్డుకు అప్పగిస్తుంది. సీటు మీద సరిగా ఆనకపోతే ఆ దారి మూసుకుపోతుంది. దానికి తోడు మండుతున్న గ్యాసు ఆ సన్నటి సందులోంచి బయటికి తన్నుకొస్తూ వాల్వు అంచును కొరికేస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి, అంటే కంప్రెషన్ పడిపోతుంది, కిక్కు మెత్తబడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకు లేచిన బండి మధ్యాహ్నం వేడి మీద ఆపితే మళ్లీ లేవనని మొరాయిస్తుంది. నిలబెట్టినప్పుడు ఇంజిన్ ఒక లయలో ఆడదు. యాక్సిలేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటుంది. ఈ లక్షణాలు కనిపించి, టాపెట్ చప్పుడు మాత్రం అసలు వినిపించకపోతే ముందుగా గ్యాప్‌నే అనుమానించాలి.

వాడేకొద్దీ గ్యాప్ పెరుగుతుందనే చాలామంది అనుకుంటారు. స్క్రూ కొస, రాకర్ అరిగితే పెరిగేమాట నిజమే. కానీ వాల్వు తన సీటులోకి కొంచెం కొంచెంగా దిగబడుతూ ఉంటుంది. అది దిగినకొద్దీ కాడ రాకర్ వైపు జరుగుతుంది కాబట్టి గ్యాప్ తగ్గుతుంది. ఏ చప్పుడూ లేకుండా జరిగేది ఇదే. అందుకే చప్పుడు లేకపోయినా మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు ఒకసారి కొలిచి చూడాలి.

మన దగ్గర బండ్ల బతుకు కూడా కొంచెం గట్టిదే. 100 సీసీ బండికి రెండు వైపులా పాల క్యాన్లు, వెనకాల గడ్డి మోపు, ఒక్కోసారి దానిమీద ఇంకో మనిషి. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు మొదలైతే రోడ్ల మీద ఆరబోసిన వడ్ల దుమ్ము, పొట్టు ఇంజిన్ రెక్కల సందుల్లో పేరుకుపోతాయి. గాలి తగలక హెడ్డు ఇంకా వేడెక్కుతుంది. డిండి మీదుగా శ్రీశైలం పోయేవాళ్లు ఇద్దరు మనుషులు, సామానుతో మన్ననూరు, ఈగలపెంట మలుపుల్లో సెకండ్ గేరులో బండిని ఎక్కిస్తారు. ఇలాంటి వాడకం ఉన్నవాళ్లు మాన్యువల్ చెప్పిన గడువు కంటే కాస్త ముందే చూసుకోవడం మంచిది.

మీ బండి ఏ రకం

ఈ పద్ధతి స్క్రూ, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టు ఉన్న బండ్లకు. స్ప్లెండర్, ప్యాషన్, షైన్, ప్లాటినా, పల్సర్ 150 ఈ కోవలోవే. డ్యూక్ 200, 390 వంటి వాటిలో స్క్రూ ఉండదు, షిమ్ అనే చిన్న బిళ్ల మందాన్ని మార్చి గ్యాప్ సరిచేస్తారు. దానికి క్యామ్ షాఫ్టులు (వాల్వులను తెరిపించే ఇరుసులు) విప్పాలి కాబట్టి మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేరుబాక్సు ఒకే గూటిలో ఉండే రకం) వచ్చిన బుల్లెట్, క్లాసిక్ బండ్లలో టాపెట్లు ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సర్దుకుంటాయి, సరిచేయడానికేమీ ఉండదు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు పుష్ రాడ్ల దగ్గర సర్దుబాటు ఉంటుంది. దాని పద్ధతే వేరు.

మీ బండికి గ్యాప్ ఎంత ఉండాలన్నది బండితో వచ్చిన పుస్తకంలో గానీ, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో గానీ చూసుకోండి. పక్కింటి బండి అంకె మీ బండికి పనికిరాదు. ఒకే పేరుతో వచ్చిన బండికి కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి అంకె మారవచ్చు. ఇన్‌లెట్‌కు (గాలి, పెట్రోలు లోపలికి వచ్చే వాల్వు), ఎగ్జాస్ట్‌కు వేరువేరు అంకెలు ఇస్తే ఎగ్జాస్ట్‌కే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ వేడెక్కేది అదే. రెండు అంకెలనూ ఒక కాగితం మీద పెద్దగా రాసి కళ్లముందు పెట్టుకోండి. చేతికి ఆయిల్ అంటుకున్నాక ఫోన్ తెరిచి వెతకడం తలనొప్పి.

సామాన్లు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫీలర్ గేజ్. కొనేటప్పుడు పలుచటి రేకులున్నదే అడగండి. 0.04, 0.05 నుంచి మొదలై 0.15 దాకా ఒక్కో అంకెకు ఒక్కో రేకు ఉండాలి. కార్లకు వాడే కొన్ని గేజ్‌లలో అన్నిటికన్నా సన్నటి రేకు కూడా మన బండికి మందమే అవుతుంది. రేకు మడత పడినా, తుప్పు పట్టినా ఆ కొలతను నమ్మలేం.

లాక్ నట్టుకు చాలా బండ్లలో 8 లేదా 9 నంబరు రింగు పానా సరిపోతుంది. స్క్రూ తల కొన్నిటికి స్క్రూ డ్రైవర్ గాడితో ఉంటుంది, కొన్నిటికి చిన్న చదరంగా ఉంటుంది. చదరపు తలకు టాపెట్ పానా అని విడిగా దొరుకుతుంది, బండి సామాన్ల దుకాణంలో అడిగితే ఇస్తారు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే తల అరిగిపోతుంది, ఆ పని చేయొద్దు. టాపెట్ మూతలకు రింగు పానా లేదా సాకెట్, ప్లగ్ పానా, మ్యాగ్నెట్ (ఇంజిన్ ఎడమవైపు కవర్ లోపల తిరిగే చక్రం) నట్టుకు సరిపడే సాకెట్, పాత టూత్ బ్రష్షు, నూలు గుడ్డలు, ఆయిల్ పట్టడానికి ఒక పళ్లెం, బోల్టులు వేసుకోవడానికి గిన్నెలు కూడా సిద్ధం చేసుకోండి. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మూతల కింద ఉండే ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు ప్యాకింగులు), హెడ్ కవర్ ఉన్న బండికైతే దాని రబ్బరు ప్యాకింగ్ కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోండి. పాతవి చాలాసార్లు గట్టిపడి, విప్పగానే ఆకారం కోల్పోతాయి. ఆదివారం మధ్యాహ్నం అన్నీ విప్పి కూర్చున్నాక దుకాణం మూసి ఉంటే ఏమీ చేయలేం.

ఇంజిన్ చల్లబడాలి

టాపెట్ గ్యాప్ చల్లటి ఇంజిన్ మీదే కొలవాలి. హోండా మాన్యువళ్లలో ఇంజిన్ 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడు చూడమని ఉంటుంది. మే నెలలో నల్లగొండలో పగలు 44, 45 డిగ్రీలు తగులుతాయి. ఆ ఎండలో ఇంజిన్ తిప్పకపోయినా, నీడలో నిలబెట్టిన బండి హెడ్డే 35 దాటి ఉంటుంది. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద చేసే టాపెట్ పని ఎంత జాగ్రత్తగా చేసినా తప్పే వస్తుంది.

కాబట్టి వేసవిలో ఈ పనికి సరైన సమయం తెల్లవారుజాము. ముందు రోజు సాయంత్రమే బండి వాడకం ఆపేయండి. రాత్రంతా ఆరుబయట గానీ, గాలి ఆడే వరండాలో గానీ ఉంచండి. రేకుల షెడ్డులో పెట్టవద్దు, రాత్రి సగం దాకా అది వేడిని పట్టి ఉంచుతుంది. ఐదున్నరకు మొదలుపెడితే ఎండ ముదిరేలోపు కొలతలు అయిపోతాయి. బిగించడం తరవాత తీరిగ్గా చేసుకోవచ్చు. మొదటిసారి చేస్తున్నవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

ముందు రోజే హెడ్డు చుట్టూ కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. టాపెట్ మూతల చుట్టూ, ప్లగ్ గుంతలో పేరుకున్న మట్టిని బ్రష్షుతో తీసి, గాలి ఊదించండి. పంక్చర్ దుకాణంలో గాలి పైపు ఉంటే రెండు నిమిషాల పని. మూత తీసినప్పుడు ఒక్క ఇసుక రేణువు లోపల పడితే అది ఆయిల్‌తో పాటు క్యామ్ మీదికి పోతుంది.

విప్పడం

బండిని మెయిన్ స్టాండు మీద నిలపండి. కీ తీసి జేబులో వేసుకోండి. స్ప్లెండర్ వంటి బండ్లలో సిలిండర్ దాదాపు అడ్డంగా ముందుకు పడుకుని ఉంటుంది కాబట్టి ట్యాంకు తీయనక్కర్లేదు. హెడ్డు పైన ఒక మూత, కింద ఒక మూత ఉంటాయి. పైది ఇన్‌లెట్, కిందది ఎగ్జాస్ట్. కింది మూత విప్పితే కొద్దిగా ఆయిల్ కారుతుంది, పళ్లెం ముందే పెట్టండి.

నిలువు సిలిండర్ ఉన్న పల్సర్, షైన్ వంటి వాటిలో కార్బురేటర్ వైపు, అంటే వెనకవైపు ఇన్‌లెట్, సైలెన్సర్ పైపు ఉన్న ముందువైపు ఎగ్జాస్ట్. వీటిలో హెడ్ కవర్ విప్పాలంటే సీటు, ట్యాంకు తీయాల్సి రావచ్చు. పాత కార్బురేటర్ బండి అయితే పెట్రోలు కాక్ ఆపి, పైపు క్లిప్పు వెనక్కి జరిపి మెల్లగా లాగితే చాలు. 2020 ఏప్రిల్ తరవాత బీఎస్-6 నిబంధనతో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లతో జాగ్రత్త. ట్యాంకులో ఉన్న పంపు పైపులోకి పెట్రోలును ఒత్తిడితో పంపుతుంది. పైపును ఊరికే లాగితే పెట్రోలు చిమ్ముతుంది. ఒత్తిడి తగ్గించే పద్ధతి మాన్యువల్‌లో చదివి, పైపు చుట్టూ గుడ్డ చుట్టి, లాక్ నొక్కి తీయాలి. పంపు వైరు కనెక్టర్ కూడా విడదీయాలి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఏదీ ఉండకూడదు.

ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా విప్పుతూనే ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. హెడ్ కవర్ బోల్టుల్లో కొన్ని పొడుగ్గా, కొన్ని పొట్టిగా ఉంటాయి. ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చిపెడితే బిగించేటప్పుడు ఆలోచించే పని ఉండదు.

ప్లగ్ తీసేయండి. ప్లగ్ ఉంటే కంప్రెషన్ అడ్డుపడి ఇంజిన్‌ను చేత్తో కావలసిన చోట ఆపలేరు. పల్సర్ వంటి రెండు ప్లగ్గుల బండిలో ఒకటి తీసినా ఒత్తిడి పోతుంది. ప్లగ్ తీసిన రంధ్రంలో శుభ్రమైన గుడ్డ పెట్టండి, లోపలికి జారిపోకుండా కొస బయటికి ఉండాలి.

టాప్ సరిచూసుకోవడం

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. కాబట్టి ఈ ఒక్క మెట్టు దగ్గర తొందరపడకండి.

పిస్టన్ పైకి వచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉన్న సమయంలోనే గ్యాప్ కొలవాలి. దాన్నే కంప్రెషన్ టాప్ అంటారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే ఒక్కో క్యామ్ చుట్టులో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. మ్యాగ్నెట్ మీద గుర్తు రెండు సందర్భాల్లోనూ ఒకే చోట కనిపిస్తుంది. ఎగ్జాస్ట్ చివర పైకి వచ్చినప్పుడు వాల్వులు కొద్దిగా తెరుచుకునే ఉంటాయి. అప్పుడు కొలిచి సరిచేస్తే ఉన్నది కూడా చెడిపోతుంది.

ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ మీద చాలా బండ్లకు రెండు మూతలుంటాయి, మధ్యలో పెద్దది, పైన చిన్నది. చిన్న మూత తీస్తే మ్యాగ్నెట్ అంచు కనిపిస్తుంది. దాని మీద ‘టి’ అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన ఒక గీత ఉంటాయి. దగ్గర్లోనే ‘ఎఫ్’ గుర్తు కూడా ఉంటుంది. అది ప్లగ్ నిప్పు ఇచ్చే సమయానికి గుర్తు, మనకు అక్కర్లేదు. ‘టి’ పక్కనున్న గీత కవర్ మీది గాడికి ఎదురుగా రావాలి.

ఇంజిన్ తిప్పడానికి రెండు దారులున్నాయి. పెద్ద మూత తీసి, మ్యాగ్నెట్ నట్టుకు సాకెట్ వేసి తిప్పవచ్చు. స్ప్లెండర్ వంటి వాటిలో ఎడమవైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పాలి. అయితే నట్టు విప్పే దిశ కూడా అదే. ప్లగ్ తీశాం కాబట్టి బలం అక్కర్లేదు. సాకెట్ తిరుగుతూ మ్యాగ్నెట్ కదలకపోతే నట్టు వదులవుతోందని అర్థం, వెంటనే ఆపండి. రెండో దారి ఇంకా సులువు. బండిని టాప్ గేరులో వేసి, మెయిన్ స్టాండు మీద వెనక చక్రాన్ని ముందుకు పోయే దిశలో చేత్తో తిప్పడం. ఇంకొకరు గుర్తును చూస్తూ చెప్తే పని తొందరగా అవుతుంది. దూరం తిప్పాల్సింది చక్రంతో తిప్పి, గుర్తు దగ్గర పడ్డాక సాకెట్‌తో మెల్లగా సర్దుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

తిప్పుతూ ఇన్‌లెట్ రాకర్‌ను గమనించండి. అది కిందికి నొక్కుకుని, మళ్లీ పైకి లేస్తుంది. లేచిన తరవాత మొదటిసారి వచ్చే ‘టి’ గుర్తే కంప్రెషన్ టాప్. గీతను గాడికి సరిపెట్టి, రెండు రాకర్లనూ వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. రెండింటిలోనూ సన్నటి కదలిక తెలియాలి. ఒకటి బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడండి. ఆ తరవాత కూడా ఒక రాకర్ అసలు కదలకపోతే ఆ వాల్వుకు గ్యాప్ మిగల్లేదని అర్థం. గుర్తు దాటి ముందుకు పోతే వెనక్కి తిప్పి సరిపెట్టవద్దు. టైమింగ్ చైన్ ఒక వైపు వదులవుతుంది, కొన్ని బండ్లలో డీకంప్రెషర్ (స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెషన్ తగ్గించే అమరిక) అడ్డం పడుతుంది. ముందుకే ఇంకో రెండు చుట్లు తిప్పి రండి.

కొలవడం

పానా పట్టకముందే కొలవండి, రాసుకోండి. ఇప్పుడున్న గ్యాప్ ఎంతో తెలియకుండా స్క్రూ తిప్పితే ఇంజిన్ చెప్పాలనుకున్న సంగతి చెరిగిపోతుంది.

రేకుకు ఒక చుక్క ఆయిల్ రాసి తుడవండి. స్క్రూ కొసకు, వాల్వు కాడకు మధ్య వంకర లేకుండా తిన్నగా పెట్టండి. సరైన రేకు కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగుతున్నప్పుడు తగిలేంత పట్టుతో కదులుతుంది. ఈ పట్టు ఎంతన్నది ఒక్కొక్కరి చేతికి ఒక్కోలా తోస్తుంది కాబట్టి ఇంకో పద్ధతితో సరిచూసుకోండి. ఉండాల్సింది 0.08 అనుకుందాం. 0.07 రేకు హాయిగా దూరాలి, 0.09 రేకు దూరకూడదు. ఆ రెండూ నిజమైతే మీ చేతి పట్టు గురించి బెంగ అక్కర్లేదు.

కొలత మాన్యువల్ హద్దులో ఉంటే మూత మూసేయండి. మూత విప్పాం కదా అని ఏదో ఒకటి తిప్పాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. స్క్రూ కొసను టార్చి వెలుగులో చూడండి. ఏళ్ల తరబడి కొట్టుకుని మధ్యలో చిన్న గుంత పడి ఉంటే, తిన్నటి రేకు ఆ గుంత మీదుగా వంతెనలా పోతుంది. గేజ్ సరిగ్గానే చెప్తుంది, నిజమైన గ్యాప్ మాత్రం గుంత లోతు మేరకు ఎక్కువ ఉంటుంది. గేజ్ ప్రకారం సరిచేశాక కూడా చప్పుడు ఆగకపోవడానికి తరచుగా ఇదే కారణం. అలాంటప్పుడు స్క్రూ, నట్టు కొత్తవి వేయాలి. చప్పుడు ఆపాలని గ్యాప్ తగ్గిస్తే మొదట చెప్పిన ప్రమాదంలోకే వెళ్తాం.

సరిచేయడం

ఒక చేత్తో స్క్రూను పట్టుకుని, ఇంకో చేత్తో లాక్ నట్టును సగం చుట్టు వదులు చేయండి. పూర్తిగా విప్పనక్కర్లేదు. ఉండాల్సిన రేకును మధ్యలో పెట్టి, స్క్రూను వేళ్లతో మెల్లగా, రేకుకు ఆనేదాకా తిప్పండి. బలం వాడితే స్క్రూ వాల్వును కిందికి నొక్కేస్తుంది, రేకు ఇరుక్కుంటుంది.

ఎంత తిప్పాలో ఒక అంచనా ఉంటే మేలు. స్క్రూ మర పిచ్ (ఒక మరకు, దాని పక్క మరకు మధ్య దూరం) అర మిల్లీమీటరు అయితే పూర్తి చుట్టుకు 0.50 మిల్లీమీటర్లు కదులుతుంది. 0.05 మార్చాలంటే చుట్టులో పదో వంతు చాలు. గడియారం ముఖం మీద ఆరు నిమిషాలంత. ఇంత చిన్న కదలిక కాబట్టే చెవితో విని సరిచేస్తామనే మాటను నేను నమ్మను.

ఇప్పుడు చాలామంది చేయి జారే చోటు. లాక్ నట్టు బిగిస్తున్నప్పుడు స్క్రూ దాంతో పాటు కొంచెం తిరుగుతుంది. తిరగకపోయినా మరల మధ్య ఉన్న వదులు పోయి కొలత కొద్దిగా మారుతుంది. కాబట్టి స్క్రూను గట్టిగా కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, రేకు తీసి, మళ్లీ పెట్టి కొలవండి. మొదటి ప్రయత్నంలోనే కుదరకపోవడం మామూలే. మళ్లీ వదులు చేసి, నట్టు బిగింపుతో ఎంత మారుతోందో చూసి, అంత ముందే సర్ది పెట్టుకోవాలి. నట్టు చిన్నది, మణికట్టు బలం సరిపోతుంది. మోచేతి బలం పెడితే మరలు పోతాయి. టార్క్ రెంచి ఉన్నవాళ్లు మాన్యువల్‌లో చూసి బిగించుకోండి.

రెండు వాల్వులూ అయ్యాక క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ కంప్రెషన్ టాప్‌కు తెచ్చి, మరోసారి కొలవండి. రెండోసారి కొలత మొదటిదానితో కలవకపోతే టాప్ తప్పిపోయిందో, నట్టు వదులుగా ఉందో చూసుకోవాలి. హద్దులోనే అటో ఇటో ఉంటే నేను కొంచెం ఎక్కువ గ్యాప్ వైపే వదిలేస్తాను, ముఖ్యంగా ఎగ్జాస్ట్‌కు.

ఎగ్జాస్ట్ గ్యాప్ అసలు లేదని తేలితే సరిచేయండి గానీ అంతటితో వదలకండి. కంప్రెషన్ చూపించాలి. వాల్వు అంచు అప్పటికే కాలి ఉంటే టాపెట్ పనితో అది బాగుకాదు, హెడ్డు విప్పి వాల్వు గ్రైండింగ్ చేయించాలి. ఆ పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.

మళ్లీ బిగించడం

విప్పడానికి పట్టిన సమయానికి రెట్టింపు బిగించడానికి ఇవ్వండి. హెడ్డు అల్యూమినియం, బోల్టు ఇనుము. వంకరగా ఎక్కిన బోల్టును పానాతో తిప్పితే పోయేది హెడ్డులోని మరలే. ప్రతి బోల్టునూ, మూతనూ, ప్లగ్‌నూ మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు అడ్డుపడితే విప్పి మళ్లీ పెట్టండి.

మూతలు ఆనే చోటును పొడి గుడ్డతో తుడిచి, కొత్త ఓ-రింగుకు కొద్దిగా ఇంజిన్ ఆయిల్ రాసి, మెలి పడకుండా గాడిలో కూర్చోబెట్టండి. రబ్బరు ప్యాకింగ్ ఉన్నచోట గమ్ము పూయడం మన దగ్గర ఒక అలవాటు. మాన్యువల్ చెప్పిన చోట తప్ప పూయొద్దు. బయటికి కనిపించే గమ్ము ఎంతో లోపలికి పోయేదీ అంతే ఉంటుంది, అది ఊడి ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది. హెడ్ కవర్ బోల్టులను ఒకదాని ఎదురుగా ఉన్న ఇంకోదాన్ని తీసుకుంటూ, రెండు మూడు విడతల్లో సమంగా బిగించండి. ఒక మూల పూర్తిగా బిగించి తరవాతి దానికి పోతే కవర్ ఒక పక్క లేచి ఆయిల్ కారుతుంది.

మ్యాగ్నెట్ కవర్ మూతలు రెండూ వాటి ఓ-రింగులతో పెట్టండి. వాటిని ఒక్కసారి గట్టిగా బిగించారంటే వచ్చేసారి గాడి పగలకుండా తీయలేరు.

ప్లగ్ రంధ్రంలో పెట్టిన గుడ్డ తీశారో లేదో చూడండి. ప్లగ్ నలుపును బ్రష్షుతో తుడిచి, గ్యాప్ మాన్యువల్ ప్రకారం ఉందో ఫీలర్ గేజ్‌తోనే చూసుకోవచ్చు. ప్లగ్‌ను చేత్తో చివరిదాకా ఎక్కించి, కొత్తదైతే పానాతో ఇంకో అర చుట్టు, పాతదైతే దానికన్నా బాగా తక్కువ తిప్పితే సరిపోతుంది. వాచర్ ఒకసారి నలిగాక మళ్లీ అంత నలగదు. ప్లగ్ క్యాప్ టక్కుమని కూర్చోవాలి.

ట్యాంకు తీసి ఉంటే దాన్ని పెట్టేటప్పుడు కింద వైర్లు, యాక్సిలేటర్ కేబుల్ నలగకుండా చూడండి. ట్యాంకు పెట్టాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, యాక్సిలేటర్ తిప్పి వదలండి. అది వెంటనే వెనక్కి రావాలి. పెట్రోలు పైపుకు క్లిప్పు వేసి, కాక్ తెరిచి, ఐదు నిమిషాలు ఆగి తడి ఉందేమో వేలితో తడిమి చూసిన తరవాతే కీ తిప్పండి.

ఇంజిన్ ఆయిల్ మట్టం చూడండి. కింది మూత నుంచి కారినంత తగ్గి ఉంటే పోయండి. గేరు న్యూట్రల్‌కు వచ్చిందో లేదో కూడా. చక్రం తిప్పడానికి టాప్ గేరు వేశామన్నది చాలామందికి ఇక్కడ గుర్తుండదు.

మొదటి కిక్కు తరవాత

కీ వేయకుండా రెండు మూడు కిక్కులు మెల్లగా కొట్టండి. ఏదైనా తగులుతున్నట్టు ఉంటే అక్కడే ఆపండి. అంతా మామూలుగా ఉంటే స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ ఇవ్వకుండా ఆడనివ్వండి. చల్లటి ఇంజిన్‌లో సన్నటి టిక్కు వినిపిస్తుంది, అది ఉండాల్సిందే. గట్టిగా లోహం లోహాన్ని కొట్టినట్టు ఉంటే ఆపి, చల్లారాక మళ్లీ కొలవండి.

చప్పుడు నిజంగా టాపెట్లదేనా అన్నది కూడా ఒక ప్రశ్న. టాపెట్ చప్పుడు హెడ్డు దగ్గర నుంచి విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా వస్తుంది. టైమింగ్ చైన్ వదులైతే చైన్ ఉన్న పక్క నుంచి గలగలమని ఎడతెగకుండా వస్తుంది, యాక్సిలేటర్ వదిలినప్పుడు ఎక్కువవుతుంది. సైలెన్సర్ పైపు హెడ్డుకు కలిసే చోట ప్యాకింగ్ పోతే వచ్చే చిటపటను కూడా చాలామంది టాపెట్ల ఖాతాలో వేస్తారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ అతుకు దగ్గర కాస్త దూరంగా చేయి పెడితే గాలి కొడుతుందో లేదో తెలిసిపోతుంది.

పది కిలోమీటర్లు తిప్పి వచ్చి, మూతల చుట్టూ ఆయిల్ తడి ఉందేమో చూడండి. తడి ఉంటే మూతను ఇంకా బిగించడం కాదు, విప్పి ఓ-రింగు సరిగా కూర్చుందో లేదో చూడాలి.

చివరగా ఒక చిన్న పుస్తకంలో తేదీ, మీటరు రీడింగు, సరిచేయకముందు రెండు వాల్వుల కొలతలు, సరిచేశాక కొలతలు రాసి సీటు కింద పెట్టండి. వచ్చేసారి కొలిచినప్పుడు ఈ అంకెలతో పోల్చి చూడండి. ఇన్‌లెట్ కదలకుండా ఉండి ఎగ్జాస్ట్ మాత్రం ప్రతిసారీ తగ్గుతూ, తగ్గే వేగం కూడా పెరుగుతూ ఉంటే ఆ వాల్వు సీటులోకి దిగిపోతోంది. అప్పుడు స్క్రూ వెనక్కి తిప్పుకుంటూ నెట్టుకురాకుండా, పంట పనులు లేని రోజుల్లో హెడ్డు విప్పించి సీటు, వాల్వు చూపించుకోవాలి.